వాయించకున్నా వేడెక్కే బేస్ ఆంప్‌ను బాగు చేసిన వరంగల్ దుకాణం

బేస్ గిటార్ ఆంప్ (ఆంప్లిఫైయర్) వేడెక్కి పాట మధ్యలో ఆగిపోతోందా? వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఉన్నవాళ్లయితే దాన్ని హైదరాబాద్ మోసుకెళ్లే ముందు ఒకసారి ఈ దుకాణంలో చూపించండి. పోచమ్మ మైదాన్ దాటాక కాశిబుగ్గ వైపు ఒక సందులో ఉంటుంది. బోర్డు లేదు. అక్కడి మైక్ సెట్ వాళ్లను ఎవరినైనా "ఆంప్లిఫైయర్ భాయ్ దుకాణం ఎక్కడ" అని అడిగితే చూపిస్తారు. నా ఆంప్ అక్కడ బాగైంది. ఈ ఎండాకాలం పెళ్లిళ్ల సీజన్ అంతా దానితోనే వాయించాను, ఒక్కసారి కూడా ఆగలేదు. అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానో కూడా కింద రాస్తాను.

నేను కాజీపేట లోకో షెడ్‌లో పని చేస్తాను. డ్యూటీ లేని సాయంత్రాలు ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. హనుమకొండ ఫంక్షన్ హాళ్లలో రిసెప్షన్లు, సంగీత్‌లు, వినాయక చవితి మండపాలు, అప్పుడప్పుడు పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ దాకా పోతాం. ఆంప్‌ను సికింద్రాబాద్‌లో ఒక బ్యాండ్ వాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 150 వాట్లు, 15 అంగుళాల స్పీకరు, ట్రాన్సిస్టర్లతో నడిచే పాత తరం క్లాస్ ఏబీ రకం. ఆటోలోకి ఎక్కించాలంటే ఇద్దరు పట్టాల్సిందే. అయినా వదలబుద్ధి కాదు. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ స్వరం పట్టి ఉంచితే స్టేజీ చెక్కల మీద అది పాదాలకు తెలియాలి. ఈ పెట్టెతో తెలుస్తుంది. తేలికగా ఉండే కొత్త క్లాస్ డీ ఆంప్‌లు కొన్ని వాయించి చూశాను. అవి వేడి కూడా తక్కువే. కానీ నాకు ఆ తృప్తి దొరకలేదు. పైగా వాటిలో భాగాలన్నీ చాలా చిన్నవి, పాడైతే బోర్డుకు బోర్డే మార్చాలంటారు.

గొడవ మొదట ఎండాకాలంలో కనిపించింది. మే నెలలో మన దగ్గర పగలు 43, 44 డిగ్రీలు ఉంటుంది. రాత్రి ఎనిమిదికి లాన్‌లో స్టేజీ ఎక్కినా గాలి సెగలాగే తగులుతుంది. నాలుగైదు పాటలు అయ్యేసరికి ఆంప్ వెనక రేకు చెయ్యి పెట్టలేనంత కాలేది. తర్వాత సౌండ్ టక్కున ఆగిపోయేది. లైటు వెలుగుతూనే ఉంటుంది, బేస్ మాత్రం రాదు. పది నిమిషాలు ఊరుకుంటే దానంతట అదే మళ్లీ వచ్చేది. లోపల హీట్‌సింక్ (ట్రాన్సిస్టర్ల వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మె) మీద ఒక థర్మల్ స్విచ్ ఉంటుంది. వేడి హద్దు దాటితే అది తెగి ట్రాన్సిస్టర్లను కాపాడుతుంది, చల్లబడ్డాక మళ్లీ కలుస్తుంది. ఆ స్విచ్ తన పని తాను చేస్తోంది. కానీ పెళ్లికొడుకు, పెళ్లికూతురు స్టేజీ మీదికి వచ్చే పాటలో బేస్ పోతే ఆర్కెస్ట్రా మొత్తం బోలుగా వినిపిస్తుంది. ప్రతి ప్రోగ్రాంలోనూ వేళ్లు తీగల మీద, మనసు వెనక రేకు మీద. ఆ టెన్షన్‌తో వాయించడం చాలా కష్టం.

అప్పుడు నగరంలోనే వేరే చోట ఇచ్చాను. పేరు రాయను. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు (స్పీకరుకు పవర్ పంపేవి) నాలుగూ మార్చాం, దుమ్ము దులిపాం అన్నారు, రూ.3,200 తీసుకున్నారు. అసలు ఏం పాడైందని అడిగితే "ట్రాన్సిస్టర్లు వీక్ అయినయి" అన్నారు. చలికాలమంతా బాగానే నడిచింది. సంక్రాంతి దాటాక ఒక రోజు ఇంట్లో ప్రాక్టీసుకని ఆన్ చేశాను. ఇంతలో షెడ్ నుంచి ఫోన్ వస్తే మాట్లాడుతూ ఉండిపోయాను. గిటార్ స్టాండు మీదే ఉంది, తీగ కూడా ముట్టలేదు. వచ్చి చూస్తే వెనక రేకు కాలుతోంది. అంటే మొదటికన్నా పరిస్థితి ఇంకా చెడింది. మా ఆర్కెస్ట్రాకు సౌండ్ పెట్టే తమ్ముడు అప్పుడు ఈ భాయ్ గురించి చెప్పాడు.

దుకాణం చిన్నది. ఒక బల్ల, దాని చుట్టూ విప్పి పెట్టిన మైక్ సెట్ ఆంప్లిఫైయర్లు, ఒక కీబోర్డు, గోడకు సీరీస్ బల్బు బోర్డు, మూలన కరెంటు తీరును పచ్చ గీతగా చూపించే పాత ఆసిలోస్కోపు. భాయ్ యాభై దాటిన మనిషి. ఆంప్‌ను బల్ల మీద పెట్టగానే స్క్రూడ్రైవర్ తీస్తాడనుకున్నాను. తీయలేదు. కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు.

"ఎప్పటి సంది గిట్లయితుంది అన్నా?"

చెప్పాను.

"వాయిస్తుంటెనే వేడెక్కుతదా, ఊకె ఆన్ చేసి పెట్టినా ఎక్కుతదా?"

"ఊకె పెట్టినా ఎక్కుతుంది భాయ్. ముందు అట్లా లేకుండె."

"ముందు ఎవరన్న ఇప్పిన్రా దీన్ని?"

ఆ రెండో ప్రశ్న దగ్గరే సగం రోగం తెలిసిపోతుందని తర్వాత అర్థమైంది. వాయించేటప్పుడు మాత్రమే వేడెక్కితే అనుమానించాల్సినవి వేరు: ఫ్యాన్, దుమ్ము, గాలి ఆడకపోవడం, స్పీకర్ ఓమ్‌లు (కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు). ఏమీ వాయించకుండానే వేడెక్కితే కరెంటు లోపలే వృథాగా పారుతోందని అర్థం. అప్పుడు చూడాల్సింది బయాస్ (ఊరికే ఉన్నప్పుడు ట్రాన్సిస్టర్లలో ఎంత కరెంటు పారాలో పెట్టే సర్దుబాటు), లేదంటే ఆంప్ తనంతట తాను చెవికి వినపడని స్వరం పుట్టించుకుంటూ ఊగుతుండటం. మీ ఆంప్‌కు ఈ సమస్య ఉంటే ముందు ఇంట్లోనే ఈ పరీక్ష చెయ్యండి. గిటార్ తీసేసి, వాల్యూమ్ సున్నాకు పెట్టి, దగ్గరే ఉండి కాసేపు చూడండి. రేకు గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి కాలితే వెంటనే ఆపేసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

ఓమ్‌ల సంగతి కూడా అడిగాడు. లోపలి స్పీకరు 8 ఓమ్‌లు. పెద్ద హాల్ అయితే బయట ఇంకో 8 ఓమ్‌ల బాక్స్ కలుపుతాం. రెండూ ప్యారలల్‌గా కలిస్తే సగమై 4 ఓమ్‌లు అవుతుంది. ఆంప్ వెనక కనీసం 4 ఓమ్‌లు అని రాసి ఉంది, కాబట్టి అక్కడ తేడా లేదు. 4 ఓమ్‌ల స్పీకరున్న ఆంప్‌కు ఇంకో 4 ఓమ్‌ల బాక్స్ కలిపి 2 ఓమ్‌ల మీద నడిపించి కాల్చేసిన ఆంప్‌లు తన దగ్గరికి చాలా వస్తాయని చెప్పాడు. సౌండ్ పెరుగుతుంది కదా అని స్టేజీ మీద ఎవరో ఒకరు ఇంకో బాక్స్ తగిలిస్తారు. ఓమ్‌లు సగమైతే కరెంటు రెట్టింపు అవుతుంది, ఆ భారమంతా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల మీదే పడుతుంది.

తర్వాత సీరీస్ బల్బు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ద్వారా ఆంప్‌కు కరెంటు ఇస్తాడు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండా వెలుగుతుంది, ఆంప్ కాలదు. అంతా బాగుంటే ఆన్ చేయగానే కండెన్సర్లు నిండేదాకా ఒక్క క్షణం వెలిగి మసకబారుతుంది, అలాగే ఉండిపోతుంది. మాది వెలిగింది, మసకబారింది. సరే అనుకున్నాను. భాయ్ మాత్రం చాయ్ తెప్పించి, బల్బునే చూస్తూ కూర్చున్నాడు. కొద్దిసేపటికి ఫిలమెంట్ మెల్లగా మళ్లీ ఎర్రబడటం మొదలైంది. స్పీకరు లేదు, గిటార్ లేదు, అయినా కరెంటు లాగడం పెరుగుతూ పోతోంది. "సూసినవా అన్నా, వేడైన కొద్దీ ఎక్కువ గుంజుతుంది" అన్నాడు.

ఆసిలోస్కోపు పెట్టి చూశాడు. గీత తిన్నగానే ఉంది, ఊగడం లేదు. అవుట్‌పుట్ దగ్గర ఒక 10 ఓమ్‌ల రెసిస్టరు, ఒక చిన్న కండెన్సరు జంటగా ఉంటాయి. ఆంప్ అలా ఊగితే ఆ రెసిస్టరు మాడి నల్లబడుతుందట. మాది మాడలేదు. ఇక మిగిలింది బయాస్.

ఈ బయాస్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నా డబ్బులు పోయింది ఇక్కడే. క్లాస్ ఏబీ ఆంప్‌లో ఏమీ వాయించనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో కొద్దిపాటి కరెంటు పారుతూ ఉండాలి. అది బొత్తిగా లేకపోతే స్వరం సన్నగిల్లే చోట గరగర వస్తుంది. ఎక్కువైతే వేడి. ఇబ్బందేమిటంటే ట్రాన్సిస్టర్ ఒక్కో డిగ్రీ వేడెక్కిన కొద్దీ దాన్ని తెరవడానికి కావాల్సిన వోల్టేజ్ సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. మనం ఇచ్చే వోల్టేజ్ అలాగే ఉంటే కరెంటు పెరుగుతుంది, దానితో వేడి పెరుగుతుంది, మళ్లీ కరెంటు పెరుగుతుంది. దీన్ని ఆపడానికే అదే హీట్‌సింక్ మీద ఒక చిన్న బయాస్ ట్రాన్సిస్టర్‌ను బిగిస్తారు. హీట్‌సింక్ వేడెక్కితే అదీ వేడెక్కి, ఆ వోల్టేజ్‌ను అంత మేరకు తగ్గిస్తుంది.

భాయ్ ఆంప్ ఆపి, టార్చ్ వేసి చూపించాడు. మా ఆంప్‌లో ఆ చిన్న ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కు తగలకుండా కాళ్ల మీద గాలిలో నిలబడి ఉంది. దాని స్క్రూ రంధ్రం ఖాళీగా ఉంది. ముందు విప్పినవాళ్లు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చి దీన్ని తిరిగి బిగించలేదు. చలికాలంలో ఎలాగో నెట్టుకొచ్చింది, ఎండలు ముదిరే ముందే బయటపడింది.

బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చి కొలిచాడు. ఒక్కో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌కు 0.22 ఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది, దాని మీద మీటర్ పెట్టాలి. మొదట 8 మిల్లీవోల్టులు చూపించింది. అంకె ఎక్కుతూ ఎక్కుతూ 66 దగ్గరికి వచ్చేసరికి స్విచ్ ఆపేశాడు. 66 మిల్లీవోల్టులంటే 300 మిల్లీఆంపియర్లు. సప్లై ప్లస్ 42, మైనస్ 42, కలిపి 84 వోల్టులు. అంటే ఒక్కో జతలో 25 వాట్లు, రెండు జతల్లో 50 వాట్లు. ఏమీ వాయించకుండా రెండు సోల్డరింగ్ ఐరన్లు పెట్టెలో పెట్టి మూత వేసినట్టు.

మొదట వేడెక్కడానికి, అంటే ఎవరూ విప్పకముందు, కారణం వేరని కూడా చెప్పాడు. హీట్‌సింక్ రెక్కల సందుల్లో ఏళ్లనాటి దుమ్ము గట్టిపడి ఉంది, పైపైన దులిపితే పోయేది కాదు. ఫ్యాన్ తిరుగుతోంది, కానీ బద్ధకంగా. ట్రాన్సిస్టర్ల కింద మైకా ముక్కకు పూసిన, వేడిని హీట్‌సింక్‌కు దాటించే తెల్ల కాంపౌండ్ ఎండి పొడి అయింది. మా షెడ్‌లో ఇంజిన్ ఎక్కడ వేడెక్కినా ముందు గాలి దారి చూడమంటారు. ఆ మొదటి దుకాణంవాళ్లు ఆ దారి చూడకుండా ట్రాన్సిస్టర్లు మార్చారు. ఇది నాకు ఇప్పటికీ బాధగా ఉంది. డబ్బు పోయినందుకు కాదు, చేతిలో ఉన్న పనిని అలా వదిలేసినందుకు.

ఇంకో సంగతి. వాళ్లు వేసిన ట్రాన్సిస్టర్లు 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 జతలు. పేరు మోసిన జతలు కాబట్టి వీటికి నకిలీలు కూడా బాగా ఎక్కువ. భాయ్ ఒకదాన్ని తీసి కటింగ్ ప్లయర్‌తో పగలగొట్టాడు. పక్కన డబ్బాలోంచి ఎప్పుడో కాలిపోయిన అసలుది ఒకటి తీసి అదీ పగలగొట్టాడు. అసలుదాని లోపలి చిప్‌లో మాదాని చిప్ సగం కూడా లేదు. అంత చిన్న చిప్ ఆ వేడిని బయటికి పంపలేదు. అసలువాటికి కంపెనీ కాగితంలో 150 వాట్లు అని ఉన్నా అది కూడా ట్రాన్సిస్టర్ ఒళ్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మన వరంగల్ మేలో, మూసిన పెట్టెలో, 25 డిగ్రీలు ఎక్కడివి?

పని మొదలుపెట్టే ముందే మొత్తం ఎంతవుతుందో చెప్పాడు. విప్పి చూసినందుకు రూ.300, రిపేర్ చేయించుకుంటే అది బిల్లులో కలిసిపోతుంది. అంతా కలిపి రూ.2,600 తీసుకున్నాడు. ట్రాన్సిస్టర్లు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో తనకు నమ్మకమున్న చోటు నుంచి తెప్పించాడు. తెచ్చాక వాటిని జతలుగా మీటర్ మీద సరిచూసి వేశాడు. కొత్త మైకా, పలచగా కాంపౌండ్ (దట్టంగా పూస్తే వేడి దాటదట), కొత్త ఫ్యాన్, బయాస్ ట్రాన్సిస్టర్‌కు స్క్రూ. ఆ మోడల్ సర్క్యూట్ పేపర్ ఫోన్‌లో వెతికి, అందులో ఉన్న అంకెకు బయాస్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న సర్దుబాటు) తిప్పి పెట్టాడు. సప్లైలోని పెద్ద కండెన్సర్లు కూడా చూశాడు, అవి ఇంకా బాగున్నాయి. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ 10 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంటే దాని ఆయుష్షు సుమారుగా సగమైపోతుంది. అందుకే "వేడెక్కుతోంది కానీ నడుస్తోంది కదా" అని నెట్టుకురావద్దు.

నాకు అన్నిటికన్నా నచ్చింది చివరి పరీక్ష. నన్ను పిలిచి నా ముందే చేశాడు. స్పీకరుకు బదులు 4 ఓమ్‌ల పెద్ద రెసిస్టర్లు తగిలించి, ఫోన్ నుంచి 50 హెర్ట్జ్ స్వరం ఇచ్చాడు. ఫుల్ వాల్యూమ్ పెట్టలేదు. ఎందుకంటే ఇలాంటి ఆంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఎక్కువ వేడెక్కేది ఫుల్ పవర్ దగ్గర కాదు. పాఠ్యపుస్తకం లెక్క ప్రకారం గరిష్ఠ పవర్‌లో 40 శాతం దగ్గర. నేను డిప్లొమాలో చదివి మరిచిపోయిన లెక్క అది. భాయ్‌కి అది అనుభవంలో తెలుసు. "సగం కన్నా జర తక్కువ కాడ్నే సంపుతది" అన్నాడు. మల్టీమీటర్‌కు ఉండే, వేడిని కొలిచే థర్మోకపుల్ వైరును హీట్‌సింక్‌కు అంటించాడు. బయట 36 డిగ్రీలు ఉన్న ఆ మధ్యాహ్నం హీట్‌సింక్ 66 డిగ్రీల దాకా ఎక్కి, ఇక అక్కడే నిలబడింది. థర్మల్ స్విచ్ తెగేది 85 దగ్గర. తర్వాత స్వరం తీసేసి బయాస్ కొలిచాడు: చల్లగా ఉన్నప్పుడు 6 మిల్లీవోల్టులు, అంత వేడి మీద 7. అంటే ముందులా ఎక్కుతూ పోవడం లేదు.

ఇప్పుడు ఆ అర మార్కు. ఫోన్ చేస్తే ఎత్తడం అరుదు. విడిభాగాలు హైదరాబాద్ నుంచి రావాలి కాబట్టి వారం పైనే పడుతుంది, ముహూర్తాల రోజుల్లో ఇంకా ఎక్కువ. మైక్ సెట్ వాళ్ల పని ముందు చేస్తాడు, ఎందుకంటే వాళ్లు రోజూ వచ్చేవాళ్లు. మన వంతు వచ్చేదాకా ఓపిక పట్టాలి. బిల్లు చేతి కాగితం మీదే. గ్యారంటీ మూడు నెలలని నోటితో చెప్తాడు. ఆ కాగితం వెనక తారీఖు వేసి, మార్చిన భాగాల పేర్లు రాయించుకోండి. అడిగితే విసుక్కోడు. దుకాణం ముందు ఆటో ఆగే చోటు లేదు, బరువైన ఆంప్‌ను మెయిన్ రోడ్డు నుంచి మోసుకురావాలి.

వాల్వ్ ఆంప్ (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాలతో నడిచేది) ఉన్నవాళ్లకు ఒక మాట. వాల్వులు వేడిగా ఉండటం సహజం, అది రోగం కాదు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల కోసం ఆరు పెద్ద అవుట్‌పుట్ వాల్వులు వాడింది. అలాంటిది వెనక నుంచి సెగ కొట్టకపోతేనే ఆశ్చర్యం. వాల్వ్ లోపలి ప్లేటు ఎర్రగా మారితే మాత్రం వెంటనే ఆపాలి. భాయ్ చిన్నప్పుడు వాల్వ్ రేడియోలు బాగు చేస్తూనే పని నేర్చుకున్నాడట, కానీ ఇప్పుడు వాల్వ్ ఆంప్‌లు తీసుకోనని చెప్పేశాడు. వాల్వులు దొరకడం కష్టమట.

స్టేజీ మీద మన వైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. డెకరేషన్ వాళ్లు వెనక కట్టే తెరలు గాలికి వచ్చి ఆంప్ వెనక రంధ్రాలకు అతుక్కుంటాయి. నేను ఇప్పుడు తెరకు, ఆంప్‌కు మధ్య మూర దూరం ఉండేట్టు పెట్టి, అటూ ఇటూ రెండు కుర్చీలు అడ్డం పెడుతున్నాను. జనరేటర్ మీద నడిచే చోట ప్లగ్ పెట్టే ముందు వోల్టేజ్ చూస్తున్నాను. 230కి బదులు 260 వస్తే లోపలి సప్లై కూడా ఆ మేరకు పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. సౌండ్ తమ్ముడి దగ్గర స్టెబిలైజర్ ఉంటే దాని మీదే పెట్టమని అడుగుతున్నాను.

వెళ్లేవాళ్లు ఉదయం పదకొండు తర్వాత వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసి ఉంటుంది. ఆంప్‌తో పాటు మీరు స్టేజీ మీద వాడే స్పీకర్ కేబుల్, కరెంటు వైరు కూడా పట్టుకెళ్లండి, భాయ్ అవి కూడా చూస్తాడు. బయట బాక్స్ కలుపుతారా, అది ఎన్ని ఓమ్‌లు, ముందు ఎవరైనా విప్పారా, వాయించకుండా ఉన్నా వేడెక్కుతోందా అన్నది ముందే చూసుకుని వెళ్తే ఆయన పని సగం తగ్గుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో పని కావాలంటే మాఘ మాసం ముహూర్తాలు మొదలయ్యే ముందే ఇచ్చేయండి.